నడుము కాదు, తుంటి దగ్గర వంగండి: గోల్ఫ్ స్వింగ్‌కి సరిగ్గా నిలబడటం ఎలా

గోల్ఫ్ సాధన చేసే డ్రైవింగ్ రేంజ్‌లో అడుగుపెట్టిన మొదటి రోజే ఎవరో ఒకరు "కొంచెం వంగండి సార్" అంటారు. సగం కథ అక్కడే చెడుతుంది. నాకూ అదే చెప్పారు. నలభై దాటాక మొదలుపెట్టిన బాపతు నేను, ఆ మాట వినగానే కిందపడ్డ పెన్ను తీసేవాడిలా వీపు గుండ్రంగా చేసి వంగిపోయాను, మూడు నెలలు అలాగే కొట్టాను. బంతి ఒక్కోసారి ఒక్కో దిక్కుకు పోయేది కానీ నడుం నొప్పి మాత్రం ఏ రోజూ దారి తప్పకుండా తిన్నగా ఇంటికొచ్చేది.

చెప్పినాయన తప్పేం లేదు, చిక్కంతా మాటలో ఉంది. మనకు వంగడమంటే నడుము వంచడమే. పని చేయనివాణ్ణి "నడుం వంచడు" అని తిడతాం కూడా. గోల్ఫ్‌లో వంగాల్సింది నడుము దగ్గర కాదు, దానికి జానెడు కిందగా, తొడ ఎముక వచ్చి తుంటిలో కూర్చునే కీలు దగ్గర. కుర్చీలో కూర్చున్నప్పుడు గజ్జల దగ్గర ప్యాంటుకి ముడత పడుతుంది చూడండి, సరిగ్గా ఆ చోటు. అక్కడ మడత పడి వీపు తిన్నగా ఉందంటే మిగతా పని చాలావరకు దానంతటదే కుదురుతుంది.

కుడిచేతి వాటం లెక్కలో రాస్తున్నా, అంటే బంతి పోవాల్సిన లక్ష్యం మీ ఎడమ పక్కన ఉంటుంది. ఎడమచేతి వాళ్లు కుడి ఎడమలు తిప్పి చదువుకోండి.

ఎందుకింత పట్టింపు

క్రికెట్‌లో బంతి మన దగ్గరికి వస్తుంది, అది ఎటు వచ్చినా కాళ్లు కదిపి, ఒళ్లు సర్దుకుని కొట్టుకోవచ్చు. గోల్ఫ్‌లో బంతి కదలకుండా పడుంటుంది, సర్దుకునే పనంతా కొట్టకముందే అయిపోవాలి. పైకెత్తిన క్లబ్ (బంతిని కొట్టే కర్ర) కిందికి దిగి బంతిని తాకడానికి పట్టే సమయం పావు సెకను అటూ ఇటూ. అంత లోపల నిలబడటంలో జరిగిన తప్పును సరిచేసుకోవడం ఎవరి వల్లా కాదు. ఒకవేళ మన శరీరం సరిచేసినా, రోజుకో రకంగా సరిచేస్తుంది, అందుకే నిన్న బాగా ఆడినవాడు ఇవాళ తల పట్టుకుంటాడు.

చిన్న లెక్క చూడండి. గోల్ఫ్ బంతి వ్యాసం కనీసం 42.67 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన, అంటే నేల నుంచి బంతి నడిమికి ఎత్తు 21 మిల్లీమీటర్లు. స్వింగ్ మధ్యలో మీరు రెండు సెంటీమీటర్లు పైకి లేచారంటే క్లబ్ అంచు బంతి నడుముకు తగులుతుంది, అది నేల మీద పాకుతూ పోతుంది. రెండు సెంటీమీటర్లు కుంగారంటే క్లబ్ బంతికన్నా ముందే నేలకి తగిలి మట్టి లేస్తుంది. 37 అంగుళాల ఐరన్‌ని (లోహపు పలక లాంటి తల ఉన్న క్లబ్) ఒంటి చుట్టూ తిప్పి తెచ్చి ఈ రెండు సెంటీమీటర్ల లోపల దించాలన్నమాట. మొదట నిలబడినప్పుడు ఒంటికి హాయిగా లేని భంగిమలో ఉంటే, స్వింగ్ మధ్యలో శరీరం తనకు హాయిగా ఉన్న చోటికి జారుకుంటుంది. "తల ఎత్తేశావ్" అని పక్కవాళ్లు అనే షాట్లలో చాలావాటికి అసలు కారణం ఇదే. తల లేవడం దాకా వెళ్లకముందే కథ అయిపోయి ఉంటుంది.

క్లబ్ లేకుండా, ఇంట్లో

రేంజ్‌కి వెళ్లేముందు వారం రోజులు ఇంట్లో ఇది చేయండి. డబ్బు ఖర్చు లేదు, ఐదు నిమిషాల పని.

రెండు చేతుల్లో గిన్నెలు పట్టుకుని ఉన్నప్పుడు ఫ్రిజ్ తలుపు ఎలా మూస్తారు? పిరుదులతో వెనక్కి నెడతారు కదా. కావాల్సిన కదలిక అదే. గోడకి వీపు పెట్టి, మడమలకీ గోడకీ మధ్య బెత్తెడున్నర దూరం ఉండేలా నిలబడండి. మోకాళ్లు దాదాపు నిటారుగానే ఉంచి, పిరుదులు గోడకు తగిలేదాకా వెనక్కి నెట్టండి. మీరు ముందుకు వంగాలని అనుకోకండి, పిరుదులు వెనక్కి పోతుంటే ఛాతీ దానంతటదే ముందుకు వాలుతుంది. తొడల వెనక కండరాలు కొద్దిగా లాగినట్టు అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టు. నడుములో లాగితే తప్పు చేస్తున్నట్టు. గోడ సులువుగా తగిలాక రెండంగుళాలు ముందుకు జరిగి మళ్లీ చేయండి.

రెండోది మాప్ కర్రతో. కర్రను వీపు వెంట నిలువుగా పెట్టుకోండి, ఒక చేత్తో మెడ దగ్గర, ఇంకో చేత్తో కింద పట్టుకుని. తల వెనక భాగం, భుజం రెక్కల మధ్య, తోక ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తగలాలి. ఇప్పుడు తుంటి దగ్గర మడుస్తూ ముందుకు వాలండి. మూడు చోట్లా తగులుతూనే ఉందా? తల దగ్గర వదిలేస్తే గడ్డం ఛాతీ వైపు దించారు లేదా మెడ ముందుకు చాచారు. తోక ఎముక దగ్గర వదిలేస్తే వీపు గుండ్రమైంది. నాకు మొదటి నాలుగు రోజులూ తోక ఎముక దగ్గర వదిలేసేది, అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడి చూసుకుంటే గానీ నమ్మలేదు, ఎందుకంటే నా లోపలి లెక్క ప్రకారం నేను బ్రహ్మాండంగా నిటారుగా ఉన్నాను. మనకు అనిపించేది వేరు, నిజంగా జరిగేది వేరు, ఈ ఆటలో పెద్ద తలనొప్పి అదే.

వరినాట్లు వేసేవాళ్లను పక్కనుంచి గమనించండి. చేయి తిరిగినవాళ్లలో చాలామంది కాళ్లు దాదాపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గర మడిచి, వీపు బల్లలా పెట్టి వంగుతారు. గోల్ఫ్‌కి అంత వంపు అక్కర్లేదు, అందులో సగం కూడా వద్దు, కానీ మడత పడే చోటు అదే. (గంటల తరబడి అలా ఉండేసరికి వాళ్లకూ నడుం నొప్పులు వస్తాయనుకోండి. మనం ఒక్కో షాట్‌కి పది సెకన్లు ఉంటాం.)

ఇప్పుడు క్లబ్‌తో, వరసగా

ఏడో నంబర్ ఐరన్ తీసుకోండి. వరస ముఖ్యం, ముందు వెనకలు చేస్తే ఫలితం మారిపోతుంది.

ఒకటి, పాదాలు. నిటారుగా నిలబడి పాదాలను భుజాల వెడల్పున పెట్టండి. ఎడమ పాదం మునివేళ్లను లక్ష్యం వైపు ఇరవై డిగ్రీల దాకా తిప్పుకోండి, కుడి పాదం దాదాపు తిన్నగా గానీ కొద్దిగా బయటికి గానీ. ఎడమ పాదం అలా తెరిచి ఉంటే కొట్టాక ఒళ్లు లక్ష్యం వైపు తిరగడం తేలికవుతుంది, మోకాలి మీద మెలి తగ్గుతుంది. తుంటి బిగుసుకుపోయిన మనలాంటి ఆఫీసు జనాలు కుడి పాదాన్ని కూడా కాస్త తెరుచుకుంటే బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి ఎత్తే కదలిక) ఇంకొంచెం దొరుకుతుంది. మరీ వెడల్పుగా, గోడ దూకబోయేవాడిలా నిలబడితే బలం వస్తుందనుకుంటారు చాలామంది, ఒళ్లు తిరగడం ఆగిపోతుంది అంతే.

రెండు, మడత. క్లబ్‌ను రెండు చేతులతో పట్టుకుని ఛాతీ ముందు తిన్నగా చాచండి, మోకాళ్లు ఇంకా వంచొద్దు. గోడ దగ్గర చేసిన పనే, పిరుదులు వెనక్కి, క్లబ్ తల నేలను తాకేదాకా. ఎంత వంగాలో మీరు నిర్ణయించక్కర్లేదు, క్లబ్ పొడవే నిర్ణయిస్తుంది. డిగ్రీల లెక్కలు పెట్టుకుని కోణమాపకం పట్టుకు తిరగొద్దు.

మూడు, మోకాళ్లు. ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, మోకాళ్ల బిగువు వదలండి. వంచడం కాదు, వదలడం. మోకాలి చిప్ప సుమారుగా షూ లేసుల మీదికి వస్తే చాలు. మొదటే మోకాళ్లు వంచినవాళ్లు గుంజీలు తీస్తున్నట్టు కిందికి దిగుతారు, వీపు నిటారుగా మిగిలిపోతుంది, చేతులు వేలాడటానికి చోటు ఉండదు, స్వింగ్ మధ్యలో కాళ్లు నిటారైపోయి తల అరజానెడు లేస్తుంది. మన దగ్గర కొత్తవాళ్లలో నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే, వీపు గుండ్రం చేయడం కన్నా కూడా. కబడ్డీలో కూతకొచ్చినవాడి ముందు కాచుకుని ఉన్నవాడు ఎలా ఉంటాడో గుర్తు తెచ్చుకోండి, గుంజీలు తీసేవాడిలా ఉండడు, ఎటైనా కదలగలిగేలా ఉంటాడు.

నాలుగు, బరువు. ముందుకి మునివేళ్ల మీద కాదు, వెనక్కి మడమల మీద కాదు, లేసులు కట్టుకునే చోటు కింద. పరీక్షకి స్నేహితుణ్ణి పిలిచి ఛాతీ మీద ఒకసారి, వీపు మీద ఒకసారి రెండు వేళ్లతో నెట్టమనండి. రెండు వైపులా ఒకేలా తట్టుకుంటే సరే. ఒక వైపు ఇట్టే తూలిపోతున్నారంటే బరువు అటు ఉంది.

ఐదు, చేతులు. ఇక్కడ కాస్త ఆగి నేర్చుకోవాలి, ఎందుకంటే బంతికి ఎంత దూరంలో నిలబడాలన్న ప్రశ్నకి సమాధానం ఇక్కడే ఉంది. వంగిన భంగిమలో భుజాల నుంచి చేతులు తాళ్లలా వేలాడాలి. క్లబ్ పట్టుకుని ఉండగానే కుడి చేయి వదిలేయండి, దాన్ని చచ్చుగా వేలాడనివ్వండి. అది ఎడమ చేతి పక్కకే వచ్చి ఆగితే దూరం సరిపోయింది. తొడల వైపు లోపలికి పోయి వేలాడుతుంటే మీరు బంతి కోసం చేతులు చాచుతున్నారు, అడుగు దగ్గరికి రండి. ఎడమ చేతికన్నా బయటికి పోతుంటే బంతి మీదికెక్కి నిలబడ్డారు. కొలత కావాలంటే, క్లబ్ పిడి చివరకీ తొడలకీ మధ్య ఐరన్‌తో బెత్తెడు నుంచి బెత్తెడున్నర, అన్నిటికన్నా దూరం కొట్టే పొడుగు క్లబ్ డ్రైవర్‌తో ఇంకాస్త ఎక్కువ, జానెడుకి లోపు. బంతి ఎక్కడుందో చూసి దాని దగ్గరికి ఒంటిని సాగదీయడం కాదు, ఒళ్లు ముందు కుదిరాక క్లబ్ ఎక్కడ దిగితే బంతి అక్కడ ఉండాలి.

దీనికి పెద్ద మినహాయింపు కెనడాకి చెందిన మో నార్మన్. కాళ్లు బాగా వెడల్పుగా పెట్టి, చేతులు బంతి వైపు తిన్నగా చాచి, షాఫ్ట్‌నీ (క్లబ్ కర్ర భాగం) చేతులనీ ఒకే గీతలో పెట్టి కొట్టేవాడు, ప్రపంచంలో అంత తిన్నగా కొట్టినవాళ్లు అరుదని తోటి ఆటగాళ్లే ఒప్పుకున్నారు. అదొక పూర్తి పద్ధతి, జీవితాంతం కొట్టిన బంతుల మీద నిలబడ్డది. అందులోంచి చేతులు చాచడం ఒక్కటే అరువు తెచ్చుకుంటే మనకు మిగిలేది స్లైస్, అంటే కుడికి వంపు తిరిగి పోయే బంతి.

ఆరు, మెడ. "తల దించు, బంతిని చూడు" అన్న సలహా ఎంతమంది ఆటను పాడుచేసిందో. గడ్డాన్ని ఛాతీలోకి దూర్చేస్తే బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ భుజం గడ్డం కిందికి వెళ్లడానికి దారి ఉండదు, అప్పుడు తలైనా పక్కకి జరగాలి, ఒళ్లైనా లేవాలి. మెడ వీపుకి కొనసాగింపులా ఉండాలి, గడ్డం కింద పిడికిలి పట్టేంత ఖాళీ ఉండాలి, కళ్లు మాత్రం కిందికి దించి ముక్కు మీదుగా బంతిని చూడాలి. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడేవాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది, అద్దం కింది భాగం చదువుకోవడానికి కాబట్టి కళ్లు దించితే బంతి అలుక్కుపోయి కనిపిస్తుంది, స్పష్టంగా కనపడాలని తెలియకుండానే తల దించేస్తారు. ఆటకి విడిగా దూరం చూపు అద్దాలు చేయించుకోండి. నేను ఏడాదిపాటు స్వింగ్ మార్చుకున్నాను, మార్చాల్సింది కళ్లజోడు.

ఏడు, పక్కవాటు. పిడి మీద కుడి చేయి ఎడమ చేతికన్నా కిందుంటుంది కదా, అందుకని కుడి భుజం కూడా ఎడమదానికన్నా కాస్త కిందకి ఉండాలి. రెండు భుజాలూ సమానంగా పెట్టాలని చూస్తే కుడి భుజం ముందుకు తోసుకొచ్చి భుజాల గీత లక్ష్యానికి ఎడమగా తిరుగుతుంది. తుంటిని వేలెడంత లక్ష్యం వైపు జరిపితే చాలు, కుడి భుజం తనే దిగుతుంది. డ్రైవర్‌తో ఈ వాలు కొంచెం ఎక్కువ, దగ్గరి షాట్లకు వాడే పొట్టి క్లబ్ వెడ్జ్‌తో దాదాపు ఉండదు.

ఇన్ని చదివాక అసలు క్లబ్ ఎత్తగలమా అనిపిస్తుంది. అలవాటైతే మొత్తం నాలుగైదు సెకన్లే: పాదాలు పెట్టుకోవడం, క్లబ్ నేలను తాకేదాకా మడత, మోకాళ్లు వదలడం, కొట్టడం. బంతి ముందు శిలలా నిలబడిపోవద్దు. నిలబడేకొద్దీ ముంజేతులు బిగుస్తాయి, టెన్షన్ భుజాలకెక్కుతుంది. క్లబ్ తలను ఒకటి రెండుసార్లు అటూ ఇటూ ఊపుతూ ఉండండి.

క్లబ్ మారితే ఏం మారుతుంది

పద్ధతి మారదు. పిచింగ్ వెడ్జ్ 35, 36 అంగుళాలు ఉంటుంది, డ్రైవర్ 45 పైచిలుకు. పొట్టి క్లబ్‌కి మడత పెరుగుతుంది, పొడుగు క్లబ్‌కి తగ్గుతుంది, పాదాల వెడల్పు కూడా దాన్ని బట్టే. బంతి వెడ్జ్‌కి పాదాల మధ్యలో, ఏడో ఐరన్‌కి మధ్య నుంచి కాస్త ఎడమకి, డ్రైవర్‌కి ఎడమ మడమ లోపలి అంచుకి ఎదురుగా. పొట్టి వెడ్జ్ పట్టుకోగానే వీపు గుండ్రం చేసి కిందికి అందుకోవడం ఎక్కువమందికి అలవాటు, ఆ మిగతా వంపు కూడా తుంటి నుంచే రావాలి.

అమెరికా ఆటగాడు బ్రైసన్ డిషాంబో ఈ తలనొప్పి వద్దని తన ఐరన్లన్నీ ఒకే పొడవులో చేయించుకున్నాడు, ఒకే భంగిమతో అన్నీ కొట్టొచ్చని. తెలివైన ఆలోచనే, కానీ మీ సెట్ అలా ఉండదు కాబట్టి ముందు మడత నేర్చుకోండి.

పుటింగ్‌లో (బంతిని నేల మీద దొర్లించి గుంతలో వేయడం) మాత్రం నేను ఏ నియమమూ చెప్పను, కళ్లు బంతికి సరిగ్గా పైన గానీ ఓ అంగుళం లోపలికి గానీ ఉంటే మేలు అన్నది తప్ప. అమెరికా దిగ్గజం జాక్ నిక్లాస్ బాగా ముడుచుకుని, బంతి మీదికి వంగి పుట్ చేసేవాడు, 46 ఏళ్ల వయసులో 1986 మాస్టర్స్ అనే పెద్ద టోర్నీ అలాగే గెలిచాడు. అమెరికా క్రీడాకారిణి మిషెల్ వీ వీపును నేలకు సమాంతరంగా, బల్ల పరిచినట్టు వంచి పుట్ చేసింది, చూసినవాళ్లు నవ్వారు, 2014లో యూఎస్ విమెన్స్ ఓపెన్ గెలిచింది. పుట్‌లో ఒళ్లు తిరగదు, వేగం ఉండదు, అందుకే అక్కడ ఏ భంగిమైనా చెల్లుతుంది. ఫుల్ స్వింగ్‌లో చెల్లదు.

తప్పు ఏ వైపు జరుగుతోంది

ఫోన్‌లో వీడియో తీయకుండా ఇది తెలియదు. బ్యాగ్‌కి ఆనించైనా సరే, ఫోన్‌ను మీ కుడి పక్కన, లక్ష్యానికి ఎదురు దిక్కున, లక్ష్యం కనపడేలా, చేతుల ఎత్తులో పెట్టండి. నేల మీద పెట్టి తీస్తే అందరూ బాగానే నిలబడ్డట్టు కనిపిస్తారు. వీడియో ఆపి మూడు చూడండి: భుజం వెనక నుంచి కిందికి నిలువు గీత గీస్తే మోకాలి ముందుభాగం మీదుగా పాదం ముందుభాగానికి రావాలి, పిరుదులు మడమలకన్నా వెనక్కి ఉండాలి, పిరుదుల నుంచి మెడ దాకా వీపు తిన్నగా ఉండాలి.

వీపు పైభాగం గుండ్రంగా, భుజాలు ముందుకు జారి ఉంటే అది ల్యాప్‌టాప్ వీపు. మాదాపూర్ నుంచి డల్లాస్ దాకా మన ఐటీ వాళ్ల ఉమ్మడి ఆస్తి. ఇది ఎంత నష్టమో ఇప్పుడే కుర్చీలో కూర్చుని చూడండి: చేతులు ఛాతీ మీద కట్టుకుని, కావాలని వీపు గుండ్రంగా చేసి కుడివైపు ఎంత తిరగగలరో తిరగండి. తర్వాత వెన్ను నిటారుగా పెట్టి మళ్లీ తిరగండి. రెండోసారి ఎంత ఎక్కువ తిరిగారో మీకే తెలుస్తుంది. బ్యాక్‌స్వింగ్‌లో మీరు పోగొట్టుకుంటున్నది అదే. "భుజాలు వెనక్కి" అని ఛాతీ విరుచుకోవడం దీనికి మందు కాదు, అరచేతులను ఒకసారి బయటివైపు తిప్పి మళ్లీ వదిలేస్తే భుజం రెక్కలు చాలినంత వెనక్కి వస్తాయి.

దీనికి సరిగ్గా ఉల్టా తప్పు ఇంకోటి. "వీపు తిన్నగా" అన్న మాటను మరీ నమ్మి, పిరుదులు ఎగరేసి, నడుములో గుంట పడేలా నిలబడతారు. ఫొటోలో అందంగా ఉంటుంది, నడుముకి ప్రమాదం. ఆ వంపులో పొట్ట కండరాలు సరిగ్గా పనిచేయవు, తిరిగే భారమంతా నడుము కీళ్ల మీద పడుతుంది. తోక ఎముకను కొద్దిగా లోపలికి తిప్పి, ఎవరో పొట్టలో పొడవబోతే బిగిస్తామే అందులో పావువంతు బిగువు పెట్టండి. నా విషయంలో ఏమైందంటే, మొదటి తప్పు దిద్దుకోబోయి రెండో దాంట్లో పడ్డాను, ఆరు నెలలు.

బొజ్జ ఉన్నవాళ్లకి విడిగా ఒక మాట, సిగ్గుపడకుండా చదవండి. పొట్ట అడ్డొస్తోందని చేతులు చాచేస్తుంటారు. చాచకుండా పాదాలు కాస్త వెడల్పు చేసి, రెండు మునివేళ్లూ బయటికి తిప్పి, మడత ఇంకొంచెం పెంచండి. చేతులు పొట్ట ముందు వేలాడటానికి చోటు దొరుకుతుంది.

అన్నీ సరిచేసినా కుదరకపోతే క్లబ్‌ను అనుమానించండి. అరువు తెచ్చిన సెట్, అన్నయ్య అమెరికా నుంచి పంపిన సెట్, ఇవి మన ఎత్తుకి సరిపోవాలని లేదు. సరిగ్గా నిలబడి క్లబ్ కిందికి దించినప్పుడు క్లబ్ తల ముందుకొస నేలనుంచి రూపాయి బిళ్ల దూరేంత లేచి ఉంటే మంచిదే, స్వింగ్‌లో షాఫ్ట్ కిందికి వంగుతుంది కాబట్టి తాకేవేళకి సమానమవుతుంది. వేలు దూరేంత లేచిందంటే, లేదా క్లబ్ తలకి షాఫ్ట్ అతికిన వైపు లేచిందంటే, షాఫ్ట్ కోణం మార్పించుకోవాలి. ఆ కోణం తప్పుగా ఉన్న క్లబ్‌తో ఎన్నాళ్లు సాధన చేసినా ఒళ్లే వంకర అలవాటు చేసుకుంటుంది.

పుస్తకం ఒళ్లు అందరికీ ఉండదు

సాహిత్ తీగల పేరు వినే ఉంటారు. హైదరాబాద్ నుంచి వెళ్లిన తెలుగు కుటుంబంలో 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు, 2023లో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరస అయిన పీజీఏ టూర్‌లో మొదటి గెలుపు. అతనికి చిన్నప్పటి నుంచీ స్కోలియోసిస్ ఉంది, అంటే వెన్నెముక పక్కకి వంపు తిరిగి ఉంటుంది. అతని స్వింగ్‌లో ఒళ్లు పక్కకి ఒరిగే తీరు చూసి ఇదేంటనుకునేవాళ్లున్నారు, అతని ఒంటికి అది సరిపోతుంది. కాబట్టి పైన చెప్పిన గీతలు, బెత్తెడు లెక్కలు మొదలుపెట్టడానికే. మీ వెన్ను, మీ తుంటి ఎంత ఒప్పుకుంటాయో అంతవరకే.

ఇంకోటి, నొప్పితో మొండికి పోవద్దు. టైగర్ వుడ్స్ 2019 మాస్టర్స్ గెలిచింది నడుము పూసలు అతికించిన సర్జరీ తర్వాత, 2017లో అది చేయించుకున్నాకే, నిజం. కానీ ఆయన వెనక ఉన్న వైద్యులూ ట్రైనర్లూ మన వెనక లేరు. కాలిలోకి పాకే నొప్పి, తిమ్మిరి ఉంటే స్వింగ్ వీడియోలు చూడటం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

కొట్టేటప్పుడు ఆ భంగిమ నిలబెట్టుకోవడం

బాగా నిలబడి, క్లబ్ దిగేటప్పుడు తుంటి బంతి వైపు తోసుకొచ్చి ఒళ్లు లేచిపోవడం ఔత్సాహికుల్లో చాలామందికి ఉన్న జబ్బు. చేతులకి దారి ఉండదు, బంతి కుడికి తోసుకుపోతుంది లేదా మణికట్లు తిప్పేసి హుక్ చేస్తారు (ఎడమకి వంపు తిరిగే బంతి), మరీ చెడ్డ రోజున షాఫ్ట్ మొదలుకి తగిలి పక్కకి ఎగిరిపోతుంది, అదే షాంక్.

దీనికి నేను నమ్మేది ఒకే సాధన. పిరుదులు రెండూ కుర్చీ వీపుకి ఆనేలా నిలబడండి, రేంజ్‌లో అయితే నిలబెట్టిన బ్యాగ్ చాలు. చేతులు ఛాతీ మీద కట్టుకుని బ్యాక్‌స్వింగ్‌లా తిరగండి, కుడి పిరుదు కుర్చీకి గట్టిగా ఆనుతుంది, ఎడమది కాస్త వదులుతుంది. ఇప్పుడు లక్ష్యం వైపు తిరగండి, ఎడమ పిరుదు వచ్చి ఆనాలి. రెండూ వదిలేశాయంటే మీరు లేచిపోయారు. రోజుకి ఇరవైసార్లు, క్లబ్ లేకుండా, మెల్లగా. తర్వాత వెడ్జ్‌తో సగం స్వింగ్‌లు. డ్రైవర్ జోలికి రెండు వారాలు పోవద్దు, పోతారని తెలుసు, అయినా చెప్తున్నా. రేంజ్‌లో యాభై బంతుల బుట్ట తీసుకుంటే ప్రతి బంతికీ వెనక్కి వచ్చి మళ్లీ మొదటి నుంచి నిలబడండి. పాదాలు కదపకుండా వరసగా బంతులు లాక్కుని కొడితే పదో బంతికి భంగిమ ఎప్పుడో జారిపోయి ఉంటుంది, మీకు తెలియదు.

వాలు నేల మీద

రేంజ్‌లో మ్యాట్ సమంగా ఉంటుంది. గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్ లాంటి కోర్సులో రాళ్ల గుట్టల మధ్య ఆడేటప్పుడు అలాంటి సౌకర్యం అడుగడుక్కీ దొరకదు. బంతి పాదాలకన్నా ఎత్తులో ఉంటే మడత తగ్గించి నిటారుగా ఉండండి, పిడిని కాస్త కిందికి పట్టుకోండి, బంతి ఎడమకి పోతుంది కాబట్టి గురి కుడికి పెట్టండి. బంతి పాదాలకన్నా కిందుంటే కష్టం ఎక్కువ: పాదాలు వెడల్పు చేసి, మోకాళ్లూ కాస్త ఎక్కువ వదిలి, మడత పెంచి, కొట్టేదాకా అక్కడే ఉండాలి, గురి ఎడమకి. ఎగువ దిగువ వాలుల్లో భుజాల గీతను నేల వాలుకి సమంగా పెట్టి, వాలుతో పాటే స్వింగ్ చేయండి.

పద్దెనిమిది హోల్స్ ఆటలో చివరి నాలుగైదింటిలో, ముఖ్యంగా మన ఎండల్లో, కాళ్లు అలిసిపోయి వీపు మళ్లీ పాత గుండ్రానికి వచ్చేస్తుంది. నాకు ఇప్పటికీ పద్నాలుగో హోల్ దగ్గర మొదలవుతుంది, వరసగా రెండు షాట్లలో క్లబ్ బంతికన్నా ముందే నేలకి తగిలితే అదేనని అర్థం. అప్పుడు స్వింగ్ ఏమీ మార్చను. క్లబ్‌ను వీపు వెంట పెట్టుకుని మూడు చోట్లా తగులుతోందో లేదో చూసుకుని, రెండుసార్లు పిరుదులు వెనక్కి నెట్టి లేచి, ఒక మెట్టు పొడుగు క్లబ్ తీసుకుని ముప్పావు వంతు కొడతాను.